బాపు గురించి రెండు పేజీలు ఎలా రాయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాపు చనిపోయి వచ్చే నెలకు ఏడాది. 1946లో హుజూరాబాద్ దగ్గరి పల్లెలో పుట్టారు. వరంగల్‌లో పాలిటెక్నిక్ చదివి 1966లో మిలిటరీకి వెళ్లారు, బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. 1970లో పెళ్లి, అప్పటికి అమ్మకు పదిహేడేళ్లు. అన్నయ్య 1974లో, నేను 1977లో పుట్టాం. బాపు 1981లో పెన్షన్ మీద వచ్చి ఇరిగేషన్‌లో చేరారు. ఎక్కువ కాలం కాకతీయ కాలువ మీదే పనిచేసి 2004లో డీఈగా రిటైరయ్యారు.

ఏడాది నాడు చుట్టాలూ ఆయనతో పనిచేసినవాళ్లూ వస్తారు. బాపు గురించి రెండు పేజీలు రాసి చదవమని నాకు అప్పజెప్పారు. నేను లెక్కల టీచర్‌ని, రాయడం అలవాటు లేదు. అమెరికాలో ఉండే అన్నయ్య ‘71 యుద్ధంలో బాపు పాకిస్తాన్ ట్యాంకులు పేల్చిండు, అది తప్పకుండా రాయి’ అంటున్నాడు. అది మా పెద్దబాపు కొడుకు చెప్పే ముచ్చట. బాపు నోట మేం ఎన్నడూ వినలేదు. అడిగితే ‘అయిపోయింది బిడ్డా అదంతా’ అనేవారు. పేపర్లో మందుపాతర పేలిన వార్త వస్తే మాత్రం పేపర్ మడిచిపెట్టి బయటికి వెళ్లిపోయేవారు.

అటక మీద ఆయన నల్ల ట్రంకు పెట్టె ఉంది. అందులో నాలుగు పతకాలు, కాయితాలు, అమ్మకు రాసిన ఇన్‌లాండ్ కవర్లు, అంకెలు తప్ప ఏమీ లేని చిన్న పుస్తకాలు ఒక కట్ట ఉన్నాయి. అమ్మను అడిగితే ‘ఆయన ముచ్చట్లు ఆయనతోనే పోయినయి, ఇప్పుడెందుకు’ అంటుంది. నిజానికి బాపు నాతో కూడా ఎక్కువ మాట్లాడలేదు. నా టెన్త్ పరీక్షలకు రోజూ దింపి, అయిపోయేదాకా గేటు బయట నిలబడేవారు. ‘ఎట్ల రాసినవ్’ అని కూడా అడిగేవారు కాదు. మమ్మల్ని ప్రాణంగా చూసుకున్నారని తెలుసు. రాయబోతే ‘మంచి తండ్రి’ అన్న మాట దాటి కలం కదలట్లేదు. ఏం రాయను?

జవాబు:

అమ్మా,

ముందు ఆ ట్యాంకుల ముచ్చట పక్కన పెట్టండి. అన్నయ్యను తప్పుపట్టి చెప్పట్లేదు. అంత దూరంలో ఉండి తండ్రిని పోగొట్టుకున్న కొడుక్కి ఆయన్ని ఎంత పెద్దగా చూపించుకున్నా తనివి తీరదు. కానీ బతికున్నన్నాళ్లూ ఆయన అనని మాటను ఆయన ఫొటో ముందు నిలబడి మీరు చదవకూడదు. వచ్చేవాళ్లలో మాజీ సైనికులు ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్లకు తెలిసిపోతుంది. అంతకన్నా ముఖ్యం, మీ అమ్మ ముందు కూర్చుని వింటుంది.

పైగా ఆ ముచ్చట చెబితే ఆయన నిజంగా చేసిన పని మరుగున పడిపోతుంది. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ 1780 నుంచి ఉన్న దళం. బెంగళూరులో అలసూరు చెరువు పక్కన వాళ్ల కేంద్రం. అందులో మన దక్షిణాది వాళ్లే ఎక్కువ, సైన్యంలో వాళ్లను ‘తంబి’ అని పిలుస్తారు. వాళ్లు సాపర్లు. సైన్యం ముందుకు కదలాలంటే దారి వేయాలి, వాగు మీద వంతెన కట్టాలి, మందుపాతర్లు తీయాలి, ఎక్కడ దిగితే అక్కడ తాగునీళ్లు చూడాలి. ఇవన్నీ సాపర్ల పనులు. వరదలకు రోడ్డు కొట్టుకుపోయినప్పుడు ఆర్మీ వచ్చి వేసే ఇనుప వంతెనను మీరు టీవీలో చూసే ఉంటారు. దాన్ని బెయిలీ వంతెన అంటారు. దాని ఒక్కో ప్యానెల్ పది అడుగుల పొడవు, 260 కిలోల దాకా బరువు. ఆరుగురు కలిసి మోసుకొచ్చి, ఒకదానికొకటి ఆనించి, పిన్నులు దిగ్గొట్టి బిగిస్తారు. యుద్ధంలో ఈ పని చాలాసార్లు రాత్రిపూట, దీపం లేకుండా చేయాల్సి వస్తుంది. ఒకరి అడుగు తప్పితే మిగతావాళ్ల చేతులూ కాళ్లూ నలుగుతాయి. పదిహేనేళ్లు అలాంటి దళంలో ఉన్న మనిషికి పక్కవాడి అడుగు చూసి నడవడం ఒంటికి పట్టేస్తుంది. గేటు బయట మాట్లాడకుండా నిలబడ్డ మీ బాపు గురించి చదువుతుంటే నాకు ఇదే తోచింది.

ఇక 71 సంగతి. యుద్ధం డిసెంబర్ 3న మొదలై తూర్పున 16న, పశ్చిమాన 17న ఆగింది. పశ్చిమాన షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర మన ట్యాంకులు దాటడానికి మందుపాతర్ల మధ్య దారి చేసింది మద్రాస్ సాపర్లే. ఇది చరిత్రలో ఉన్న మాట. అయితే మీ బాపు అక్కడే ఉన్నారని దీన్ని బట్టి రాయకండి. ఆ దళంలో రెజిమెంట్లు చాలా ఉన్నాయి, అవి తూర్పునా పశ్చిమానా రెండు వైపులా పనిచేశాయి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. కాల్పులు ఆగాక మిగతా సైన్యం ఊపిరి పీల్చుకుంటుంది, సాపర్ల పని మాత్రం అప్పుడు ఇంకా మిగిలే ఉంటుంది. భూమిలో పాతిన మందుపాతర్లను ఒక్కొక్కటిగా వెతికి తీయాలి. బోర్లా పడుకుని, సన్నటి చువ్వను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చుతూ అంగుళం అంగుళం వెతుకుతారు. 71 తర్వాత కూడా అది నెలల తరబడి సాగింది. పేపర్ మడిచిపెట్టి లేచిపోయిన మీ బాపు ఏం గుర్తొచ్చి లేచారో నాకూ తెలియదు, మీకూ తెలియదు. పైగా తొంభైల్లో మన జిల్లాల పేపర్లలో ఆ వార్త ఎన్నిసార్లు వచ్చేదో మీకు తెలియంది కాదు. ఆయన లేచి వెళ్లడం మీరు కళ్లారా చూశారు కాబట్టి అది రాయవచ్చు. ఎందుకు లేచారన్నది రాయొద్దు.

ఆయన ఎక్కడ పనిచేశారో తెలుసుకోవడానికి పెట్టెలోనే ఆధారాలున్నాయి. పతకాలు బయటికి తీయండి. నక్షత్రం ఆకారంలో ఒకటి ఉంటే దాని మీద పేరు చదవండి. ‘పూర్వీ స్టార్’ అయితే తూర్పు రంగం, ‘పశ్చిమీ స్టార్’ అయితే పశ్చిమ రంగం. ‘సంగ్రామ్ మెడల్’ ఆ యుద్ధ కాలంలో సర్వీసులో ఉన్న చాలామందికి ఇచ్చారు. స్వాతంత్ర్య రజతోత్సవ పతకం 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్న అందరికీ వచ్చింది. తొమ్మిదేళ్ల సర్వీసుకు ఇచ్చే పతకం ఒకటి ఉంది. అందుకని ‘యుద్ధంలో శౌర్యానికి నాలుగు పతకాలు’ అని రాయకండి. ఏ పతకం ఎందుకిచ్చారో చూసి, ఆ పేరు మాత్రం రాయండి. గుండ్రటి వాటి అంచును వెలుతురులో పట్టుకుని చూడండి, ఆయన నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. పిల్లలుంటే వాళ్ల చేత చదివించండి.

కాయితాల్లో డిశ్చార్జి బుక్ ఉంటుంది. అన్నిటికన్నా అది ముఖ్యం. చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, ర్యాంకు, ట్రేడ్, పతకాలు అందులో ఉంటాయి. ట్రేడ్ అన్న గడి తప్పక చూడండి. డిప్లొమా చదివిన మనిషి కాబట్టి సర్వేయర్‌గానో డ్రాఫ్ట్స్‌మన్‌గానో తీసుకుని ఉండవచ్చు, అలా ఉంటే కాలువ మీది ఉద్యోగానికి పునాది అక్కడే పడిందన్నమాట. ర్యాంకు కూడా ఆ పుస్తకంలో ఉన్నదే రాయండి. మన దగ్గర మిలిటరీ నుంచి వచ్చిన ప్రతివాళ్లనూ ‘కెప్టెన్ సాబ్’ అనడం అలవాటు. నాయక్ అయితే నాయక్ అని, హవల్దార్ అయితే హవల్దార్ అని రాయండి. ఆ మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కిన మనిషికి వాటి విలువ తెలుసు.

ఇన్‌లాండ్ కవర్ల గురించి ముందే ఒక మాట. అవి మీ అమ్మకు వచ్చిన ఉత్తరాలు. ఆయన పెట్టెలో దొరికాయని అవి మీవి అయిపోవు. విప్పకుండా బయట పంపినవారి అడ్రస్ మాత్రం చూడండి. ‘56 ఏపీఓ’ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే ఆ రోజుల్లో పశ్చిమ, ఉత్తర సరిహద్దుల వైపు ఉన్నారని, ‘99 ఏపీఓ’ అని ఉంటే తూర్పు వైపు ఉన్నారని అర్థం. లోపల ఏముందన్నది ఆమె చదివి చెబితే వినండి. చెప్పకపోతే అలాగే కట్టి పెట్టెలో పెట్టేయండి.

ఇప్పుడు ఆ అంకెల పుస్తకాలు. మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఈ ఒక్క లైనే. అవి లెవెల్ బుక్కులై ఉంటాయి, అంటే నేల ఎత్తులు కొలిచి రాసుకునే పుస్తకాలు. ఇన్నేళ్లు కాలువ మీద పనిచేసిన ఇంజనీర్ ఇంట్లో ఇంకేం ఉంటాయి! లెక్కల టీచర్‌వి కాబట్టి నీకు ఇవి కథల పుస్తకం కన్నా తేలిగ్గా అర్థమవుతాయమ్మా, ఒక పుస్తకం ఎదురుగా పెట్టుకో.

మూడు కాళ్ల స్టాండు మీద లెవెల్ పరికరం పెడతారు. ఎదురుగా అంకెలేసిన పొడవాటి కర్ర పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు, ఆ కర్రను స్టాఫ్ అంటారు. పరికరం కన్నంలోంచి కర్ర మీద కనిపించిన అంకెను పుస్తకంలో రాస్తారు. మొదటి రీడింగు బ్యాక్‌సైట్, పరికరం ఎత్తి ముందుకు జరిగే ముందు తీసుకునే చివరి రీడింగు ఫోర్‌సైట్. వాటిని బట్టి ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో కడతారు. దాన్ని రిడ్యూస్డ్ లెవెల్ అంటారు. పేజీ అయిపోగానే బ్యాక్‌సైట్లన్నీ కూడాలి, ఫోర్‌సైట్లన్నీ కూడాలి, రెంటి తేడా తీయాలి. అది చివరి లెవెల్‌కూ మొదటి లెవెల్‌కూ ఉన్న తేడాతో సరిపోవాలి. సరిపోకపోతే లెక్క తప్పిందన్నమాట, పేజీ అంతా మళ్లీ చూసుకోవాలి. మీ బాపు పేజీల అడుగున ఈ సరిచూసుకున్న లెక్క ఉందేమో చూడండి. ఉంటే రెండు మూడు పేజీలు మీరూ వేసి చూడండి. ఆయనతో కూర్చుని లెక్క చేయడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించట్లేదు.

ఒక మూల చైనేజీ ఉంటుంది, అంటే కాలువ మొదలు నుంచి ఆ చోటు ఎంత దూరమో చెప్పే అంకె. కాలువ మీద పనిచేసేవాళ్లకు అడ్రస్ అంటే ఊరి పేరు కన్నా ముందు కిలోమీటరు. కాకతీయ కాలువ పోచంపాడు దగ్గర సున్నాతో మొదలవుతుంది. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు అది. 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్‌లో లోయర్ మానేరు డ్యాం, అక్కడి నుంచి మన వైపు 284 దాకా మొదటి దశ. లోయర్ మానేరు పూర్తి నీటిమట్టం 920 అడుగులు, అంటే దాదాపు 280 మీటర్లు. మీ బాపు మానేరు దిగువన పనిచేసి ఉంటే పుస్తకంలో 280 కన్నా కొంచెం తక్కువ అంకెలు వరసగా, సెంటీమీటర్ల తేడాతో కిందికి దిగుతూ కనిపిస్తాయి. పెద్ద కాలువ వాలు అంత తక్కువ, వేల మీటర్లు పోతే ఒక మీటరు దిగుతుంది. ఆ వాలు తప్పితే నీళ్లు ఎక్కడో ఆగిపోతాయి, చివరి తూము కింద రైతు నాటు వేసుకోలేడు. ఎండలో నిలబడి మిల్లీమీటర్లు లెక్కపెట్టిన మనిషి కాబట్టే ఈ పుస్తకాలు పారేయకుండా దాచుకున్నారేమో. హనుమకొండ, వరంగల్ తాగునీటి చెరువుల్లోకి కూడా ఈ కాలువ నీళ్లు వచ్చాయి. మీ ఇంటికి వచ్చే నల్లా నీళ్లలోనూ ఆయన చేయి ఉండి ఉండవచ్చు. ఏ కిలోమీటర్ల మధ్య పనిచేశారో తేలితే సగం పేజీ ఇక్కడే తయారవుతుంది.

ఇంకో పని చేయండి. ప్రతి పేజీ మీద తేదీ ఉంటుంది. మీ ఇంటి తేదీలు ఒక కాయితం మీద రాసుకోండి. తాత పోయిన రోజు, అన్నయ్య కాలేజీలో చేరిన రోజు, మీ పెళ్లి. ఆ తేదీలకు పుస్తకం తెరవండి. మీ టెన్త్ పరీక్షల వారం కూడా చూడండి. ఆ తేదీలతో పేజీలేవీ లేకపోతే సెలవు పెట్టి వచ్చి గేటు బయట నిలబడ్డారేమో. రీడింగులు ఉంటే మిమ్మల్ని ఇంటికి చేర్చాక మధ్యాహ్నపు ఎండలో కాలువ మీదికి పోయారేమో. ఆ పేజీని మీ రెండు పేజీల్లో ఎక్కించండి. ‘మంచి తండ్రి’ అన్న మాట వెతుక్కునే అవసరమే ఉండదు.

రిమార్కుల గడి కూడా వదలకండి. కుడి చివర సన్నటి గడి. ‘కల్వర్టు మీద’, ‘మర్రిచెట్టు మొదలు’, ‘వాన, పని ఆపాము’ లాంటి ముక్కలు అందులో దొరుకుతాయి. మీకు అంకెలు తప్ప ఏమీ కనిపించకపోవడానికి కారణం అవి గొలుసుకట్టు ఇంగ్లీషులో చిన్నగా ఉండటం కావచ్చు. ఇరిగేషన్‌లో పనిచేసే ఏఈ ఎవరైనా పరిచయం ఉంటే అరగంటలో చదివి పెడతారు.

ఆయనతో పనిచేసినవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంజనీర్లతో ఆగిపోకండి. కాలువను, తూములను చూసుకునే లస్కర్లను, వర్క్ ఇన్‌స్పెక్టర్లను, స్టాఫ్ పట్టుకున్న మనిషిని వెతకండి. ఆఫీసుల్లో పాతవాళ్లకు ఒకరి ఫోన్ నంబర్ ఒకరి దగ్గర ఉంటుంది. ‘మా బాపు ఎట్లాంటోడు?’ అని అడిగితే చేతులు జోడించి ‘దేవుడమ్మా’ అంటారు, అంతటితో ముచ్చట అయిపోతుంది. ‘సార్‌కు కోపం ఎప్పుడొచ్చేది? మధ్యాహ్నం అన్నం ఎక్కడ కూర్చుని తినేటోడు? రాత్రి గండి పడిందంటే ముందు ఎవరిని లేపేటోడు? నీళ్ల వంతు కాడ రైతులు కొట్లాడుకుంటే ఏం చేసేటోడు?’ అని అడగండి. కాలువకు వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు, పెట్టినప్పుడు పైన తూములు మూస్తే ఒక ఊరికి కోపం, మూయకపోతే కింది ఊరికి కోపం. అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడి ఇద్దరికీ జవాబు చెప్పాల్సింది ఆ ఇంజనీరే. ఇలాంటి సంగతి ఒక్కటి చాలు, ఆయన ఎలాంటి మనిషో మీరు వేరే చెప్పక్కర్లేదు. ఆయన చేసింది నచ్చనివాళ్లు కూడా ఒకరిద్దరు ఎదురవుతారు. వాళ్ల మాట కూడా వినండి. బిల్లు మీద సంతకం పెట్టలేదని కోపం పెట్టుకున్న మనిషి దగ్గర మీ బాపు గురించి మంచి ముచ్చటే దొరకవచ్చు.

ఇక అమ్మ. మీరు రాయబోయే దాంట్లో నా మనసు ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

‘ఆయన ముచ్చట్లు ఆయనతోనే పోయినయి’ అని ఆమె అన్నది నిజం. యుద్ధం గురించి ఆయన ముచ్చట పోయింది. దాన్ని పెద్దబాపు కొడుకు తేలేడు, నేనూ తేలేను. కానీ ఆ యుద్ధం మీ ఇంట్లో ఇంకొకరి మీదుగా కూడా నడిచింది. 1971 డిసెంబర్ నాటికి మీ అమ్మకు పద్దెనిమిదేళ్లు. పెళ్లయి ఏడాది దాటింది, పిల్లలు లేరు, అత్తగారింట్లో ఉండి ఉంటుంది. మొగుడు ఎక్కడున్నాడో తెలియదు. ఉత్తరం రాదు. ఊళ్లో ఏ ఒకరిద్దరి ఇళ్లలోనో, పంచాయతీలోనో రేడియో ఉంటుంది, అందరూ దాని చుట్టూ చేరతారు, కొత్త కోడలు అక్కడికి వెళ్లి నిలబడగలదో లేదో. ఆ రోజుల్లో తంతి తెచ్చే మనిషి సైకిల్ సందులోకి తిరిగిందంటే ఇంట్లో అందరి గుండె గుబేలుమనేది. ఆ పదిహేను రోజులు ఆమె ఎలా గడిపింది? మొదటి ఉత్తరం ఎప్పుడొచ్చింది, ఎవరు చదివిపెట్టారు? తర్వాత ఆయన సెలవు మీద కాజీపేటలో రైలు దిగి ఊరికి వచ్చిన రోజు ఏం వండింది?

ఈ ప్రశ్నలు ఆమెను బహుశా ఎవరూ అడిగి ఉండరు. మిలిటరీ మనిషి ఇంట్లో అందరూ ఆయన్ని అడుగుతారు. ఆయన మాట్లాడడు, అక్కడితో ముచ్చట ముగుస్తుంది. పక్కన పప్పు ఏరుకుంటూ కూర్చున్న ఆమె వైపు ఎవరూ తిరగరు. మీరు తిరగండి. ‘బాపు గురించి చెప్పు’ అనకండి. ‘అప్పుడు నువ్వెక్కడున్నవే అమ్మా?’ అని అడగండి. ఫోన్ రికార్డింగులో పెట్టి ఎదురుగా కూర్చుంటే ఆమె నోరు మెదపదు. ఇద్దరూ ఏదో ఒక పనిలో ఉన్నప్పుడు, చేతులు ఆడుతున్నప్పుడు అడగండి. ఆమె ఒక్క మాట చెప్పి ఆపేస్తే మీరూ ఆగండి, ఇంకో రోజు చూసుకోవచ్చు.

ఆమె చెబితే మీ రెండు పేజీల్లో యుద్ధం అదే అవుతుంది. చూసిన మనిషి చెప్పిన ముచ్చట, ఒక్క అక్షరం కల్పన లేనిది. అన్నయ్యకు కూడా దాన్ని కాదనే మాట ఉండదు.

‘కుటుంబం కోసం బతికిన మనిషి’ అని రాసేటప్పుడు కూడా ఆమెను పక్కన పెట్టకండి. 1981 దాకా సెలవుల్లోనే ఆయన ఇంట్లో ఉన్నది. మిగతా నెలలన్నీ ఇద్దరు పిల్లలనూ, అత్తమామలనూ, పొలం ఉంటే పొలాన్నీ చూసింది ఆమె. ఆయన పంపింది మనియార్డర్. ఆ ఫారం కింద ముక్కలో రెండు మాటలు రాసే చోటు ఉండేది, ఆ ముక్కలు చింపి దాచుకున్న ఆడవాళ్లు ఎంతోమంది. పెట్టెలో ఉన్నాయేమో చూడండి. ఆయన తిరిగొచ్చేసరికి అన్నయ్యకు ఏడేళ్లు, మీకు నాలుగేళ్లు. కన్నపిల్లలు ఎదుటికి రావడానికి సిగ్గుపడే ఇంట్లోకి ముప్పై ఐదేళ్ల మనిషి వచ్చి తండ్రిగా కుదురుకోవాలి. మీతో ఎక్కువ మాట్లాడకపోవడానికి అదొక కారణం కావచ్చు, ఆయన స్వభావమే అది కావచ్చు. మాటలు రాని మనిషి దింపడానికి వస్తాడు, బయట నిలబడతాడు, వెంట తీసుకుపోతాడు. ‘బాపు నాతో ఎక్కువ మాట్లాడలేదు’ అన్న మాటను దాచకుండా రాయండి. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది తండ్రులు అలాంటివాళ్లే, వాళ్లకు మీరు ఏమంటున్నారో వెంటనే అందుతుంది. అది ఫిర్యాదుగా ఉండదు, దాని వెనకే గేటు సంగతి వస్తుంది కదా.

అన్నయ్యకు పని ఇవ్వండి. ఊరికే వద్దు వద్దు అంటే దూరం నుంచి ఆయనకు బాధగా ఉంటుంది. పతకాలు, డిశ్చార్జి బుక్ ఫొటోలు తీసి పంపండి, ఏ పతకం ఎందుకిచ్చారో వివరం రాయడం ఆయన వంతు. బాపు దళం 71లో ఏం చేసిందో వెతకడం కూడా ఆయనకే అప్పజెప్పండి. ఏ రెజిమెంటో తేలితే చదువుకోవడానికి చాలా ఉంటుంది. వీటితో పాటు తన సొంత జ్ఞాపకం ఒక్కటి పది లైన్లలో రాసి పంపమనండి, అది ఆయన పేరు మీదే చదవండి. ట్యాంకుల కన్నా అది ఆయనకే ఎక్కువ తృప్తినిస్తుంది.

ఫ్లెక్సీ వేయిస్తారు కాబట్టి దాని గురించీ చెబుతాను. ఎనభైకి దగ్గరపడిన ముఖాన్ని తెచ్చి ఎవరి యూనిఫాం మీదో అతికించి, వెనక జెండా, పైన యుద్ధ విమానాలు పెట్టి ఇస్తారు. వద్దని చెప్పండి. సైన్యంలో తీయించుకున్న పాత ఫొటో పెట్టెలో ఉంటే అదే వేయండి, పక్కన కాలువ గట్టు మీద తీసింది ఒకటి, మీ ఇంటి ముందు లుంగీ మీద ఉన్నది ఒకటి. కింద పేరు, రెండు తేదీలు, ర్యాంకు, హోదా. అంతే చాలు.

ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే మీ ఉత్తరంలోని మాటలతోనే ఇలా మొదలుపెట్టండి:

‘మా బాపు 1946లో హుజూరాబాద్ దగ్గరి పల్లెలో పుట్టారు. పదిహేనేళ్లు సైన్యంలో సాపర్‌గా, ఇరవై మూడేళ్లు ఇరిగేషన్‌లో ఇంజనీర్‌గా పనిచేశారు. యుద్ధం గురించి అడిగితే, అయిపోయింది బిడ్డా అదంతా, అనేవారు. ఆయన చెప్పని దాన్ని నేను చెప్పను. ఆ రోజుల గురించి మా అమ్మ చెప్పింది మాత్రం చెబుతాను.’

ఇక్కడ అమ్మ ముచ్చట, తర్వాత లెవెల్ బుక్కులు, కాలువ మీదివాళ్లు చెప్పిన ఒక సంగతి, చివర పరీక్ష గేటు. రెండు పేజీలు నిండిపోతాయి. చదవడానికి పది నిమిషాల లోపే పడుతుంది. అంతకు మించితే వంట దగ్గర ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. గొంతు పట్టేసినట్టు అనిపిస్తే కాసేపు ఆగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మిగిలిన సంగతులను తర్వాత చిన్న పుస్తకంగా వేసుకోవచ్చు.

సర్వీసు వివరాలు ఇంకా కావాలంటే బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయండి. ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, వచ్చేసిన తేదీ రాసి, ఫ్యామిలీ పెన్షన్ కాయితం నకలు జతచేయాలి. అమ్మ పేరు మీద, అమ్మ సంతకంతో పంపితే మంచిది. ఎలా రాయాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే చెబుతారు. నెలలోపు జవాబు వస్తుందని మాత్రం అనుకోకండి, ఏడాది నాటికి చేతిలో ఉన్నదే చదవండి.

అందరి ముందు చదవడానికి రెండు రోజుల ముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రాసింది మొత్తం అమ్మకు చదివి వినిపించండి. ఏదైనా వాక్యం తీసేయమంటే ఎందుకని అడక్కుండా కొట్టేయండి. రికార్డు ఆఫీసు ఉత్తరం మీద సంతకం కూడా అప్పుడే పెట్టించుకోండి.